తెర వెనుక శిక్షకుడు, తెర మీద విమర్శకుడు

1980 అక్టోబరు 28న క్లీవ్‌లాండ్ నగరంలో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న జిమ్మీ కార్టర్, రొనాల్డ్ రేగన్‌ల మధ్య సంవాదం జరిగింది. పోలింగుకు మిగిలినది ఒక్క వారమే. ఆ రాత్రి ఏబీసీ టెలివిజన్‌లో వ్యాఖ్యాత జార్జ్ విల్ రేగన్‌ను మేలుజాతి గుర్రంతో పోల్చి మెచ్చుకున్నాడు. ఆ గుర్రానికి పరుగు నేర్పినవారిలో తానూ ఒకడినన్న మాట మాత్రం ప్రేక్షకులకు చెప్పలేదు. సంవాదానికి ముందు రేగన్ సాగించిన అభ్యాసంలో ఆయన పాలుపంచుకొన్నాడు. అందులో కార్టర్ పాత్ర ధరించినవాడు డేవిడ్ స్టాక్‌మన్. కార్టర్ శిబిరపు పత్రాలు రేగన్ పక్షానికి ఎలా చేరాయన్న వివాదం 1983లో చెలరేగినప్పుడు గాని ఈ సంగతి రచ్చకెక్కలేదు.

విల్ సంప్రదాయవాది అని లోకానికి తెలిసినదే కదా, ఇక దాచినదేమిటి అనవచ్చు. అభిప్రాయం వేరు, ప్రమేయం వేరు. అభిమాని పొగడ్తను శ్రోత కొంత తగ్గించుకొని వింటాడు. వండినవాడే విస్తరి ముందు కూర్చుని రుచి చెబుతున్నాడని తెలియనప్పుడు, ఎంత తగ్గించుకోవాలో అతనికెలా తెలుస్తుంది?

2015లో అదే సంస్థలో చరిత్ర పునరావృతమయింది. క్లింటన్ ఫౌండేషన్‌పై విమర్శనాత్మక గ్రంథం రాసిన పీటర్ ష్వైజర్‌ను జార్జ్ స్టెఫనోపులస్ నిలదీశాడు. తాను ఆ ఫౌండేషన్‌కు 75,000 డాలర్లు ఇచ్చినట్టు అప్పుడు చెప్పలేదు. ఆయన బిల్ క్లింటన్ కొలువులో పనిచేసినది అందరూ ఎరిగినదే. మరుగున ఉన్నది విరాళమే. అది బయటపడ్డాక క్షమాపణ చెప్పి, రిపబ్లికన్ అభ్యర్థుల సంవాదాన్ని నిర్వహించే బాధ్యతను వదులుకొన్నాడు.

సంబంధాలుండటం నేరం కాదు. ముందుగా చెబితే అది ఒక్క వాక్యం. ఇతరులు బయటపెడితే, అంతవరకు పలికిన నిజాలకు కూడా మచ్చే.