టీఎల్ఎస్‌లో నోబిడ్లు

మా పొదిలి పొగాకు వేలం కేంద్రంలో బేలు ఎవరికీ నచ్చకపోతే "నోబిడ్" అంటారు. రైతు వెనక్కి తీసుకెళ్ళాల్సిందే. మన జావా వాళ్ళకీ అలాంటి జాబితా ఒకటుంది. జావా.సెక్యూరిటీ ఫైల్లో జేడీకే.టీఎల్ఎస్.డిసేబుల్డ్‌ఆల్గరిథమ్స్ అనే లైను. ఎస్సెస్సెల్‌వీ3, ఆర్‌సీ4, డీఈఎస్... ఇందులో ఉన్నవి కనెక్షను కలిపేటప్పుడు బేరానికే రావు. చూడటానికి చాంతాడంత లైనే గానీ, చదవడం తెలిస్తే అదో చరిత్ర పుస్తకం.

1990ల్లో అమెరికా ఎన్‌క్రిప్షన్ని ఆయుధాల లెక్కలో కట్టింది. బలమైనది దేశం దాటకూడదు. అందుకే నెట్‌స్కేప్ బ్రౌజరు అక్కడివాళ్ళకి 128 బిట్లతో, బయటివాళ్ళకి 40 బిట్లతో వచ్చేది. 1995లో డామియన్ డోలిజ్ అనే ఫ్రెంచి ఆయన, ఖాళీగా ఉన్న కంప్యూటర్లని కూడగట్టి, ఆ 40 బిట్ల ఆర్‌సీ4ని 8 రోజుల్లో విప్పేశాడు.

ఇక మన దేశం సంగతి వినండి. టెలికాం శాఖ అప్పట్లో ఇచ్చిన ఐఎస్పీ లైసెన్సుల్లో అనుమతి లేకుండా 40 బిట్లు దాటకూడదని షరతు ఉండేది. దాటాలంటే అనుమతి తీసుకుని, తాళంచెవిని రెండు ముక్కలు చేసి వాళ్ళకి అప్పజెప్పాల్సి ఉండేదట! 2001 జూన్‌లో రిజర్వు బ్యాంకేమో ఇంటర్నెట్ బ్యాంకింగుకి కనీసం 128 బిట్ల ఎస్సెస్సెల్ ఉండాలంది. అయినా 2007 నాటి లైసెన్సు నిబంధనల్లో ఆ 40 అలాగే ఉంది. ఒక ఆఫీసు కూడదన్నదే ఇంకో ఆఫీసు తప్పదంది!

2000 జనవరిలో అమెరికా ఆంక్షలు సడలించింది. కథ అక్కడితో అయిపోవాలి కదా? అవలేదు. పాత బ్రౌజర్ల కోసం ఆ ఎక్స్‌పోర్టు రకాలని సర్వర్లలో ఉంచేశారు. 2015 మార్చిలో ఫ్రీక్ దాడి బయటపడింది. మధ్యలో కూర్చున్నవాడు, లోపమున్న బ్రౌజర్ని 512 బిట్ల ఎక్స్‌పోర్టు ఆరెస్సేకి దించేయగలడని తేలింది. దాన్ని పగలగొట్టడానికి అమెజాన్ క్లౌడులో సుమారు 100 డాలర్లు, కొన్ని గంటలు చాలు. అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ వెబ్‌సైటు కూడా దొరికిపోయింది. ఎవరు తీసిన గోతిలో వారే పడటమంటే ఇదే.

ఆర్‌సీ4ని 2015 ఫిబ్రవరిలోనే ఆర్‌ఎఫ్‌సీ 7465 నిషేధించింది. టీఎల్ఎస్ 1.0, 1.1 లకి 2021 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8996 మంగళం పాడింది. మరుసటి నెల జావా అప్‌డేట్లలో రెండూ నోబిడ్ జాబితాకెక్కాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, జేడీకే మార్చగానే ఏదో ఒక పాత సర్వరుతో కనెక్షను తెగుతుంది. "ఆ టీఎల్ఎస్‌వీ1 అన్న ముక్క తీసెయ్ బాసూ, ప్రొడక్షన్ లేస్తుంది" అని టీంలో ఎవరో ఒకరు అంటారు. నిజమే, లేస్తుంది. కానీ ఆ సడలింపు ఆ ఒక్క సర్వరుకే కాదు, ఆ జేడీకే మీద నడిచే ప్రతి అప్లికేషనుకీ వర్తిస్తుంది. మరీ తప్పదంటే ఆ ఒక్క అప్లికేషనుకే విడిగా సెక్యూరిటీ ఫైలు ఇవ్వండి. దాన్ని ఎప్పుడు తీసేస్తారో తేదీ కూడా రాసిపెట్టండి. పడుంటుందిలే అని 2000లో వదిలేసింది 2015లో కాటేసింది మరి!