అంపైర్ తీర్పు – సాంకేతిక పరిజ్ఞానం: ఒక చారిత్రక పరిశీలన

ఈ భాగం చదివిన తరువాత, ఆటమైదానంలో తీర్పు చెప్పే అధికారం దశలవారీగా ఎలా మారిందో మీరు వివరించగలుగుతారు.

పరిచయం

విశాఖపట్నంలో తొలి టెస్టు మ్యాచ్ 2016 నవంబరు 17న మొదలైంది. అప్పటికి అరకు లోయ కూడా ఆ జిల్లాలోనిదే. ఇంగ్లండ్‌తో జరిగిన ఆ మ్యాచ్‌లో జయంత్ యాదవ్ బౌలింగ్‌కు మొయిన్ అలీ ఎల్‌బీడబ్ల్యూ కాలేదని అంపైర్ ప్రకటించారు. భారత జట్టు సమీక్ష కోరింది, తీర్పు మారింది. యాదవ్‌కు అదే తొలి టెస్టు వికెట్. ఈ సమీక్షా పద్ధతినే డీఆర్‌ఎస్ అంటారు. భారత క్రికెట్ బోర్డు దీనిని ఏళ్ల తరబడి ఎందుకు వ్యతిరేకించిందో పరిశీలిద్దాం.

మూడు దశలు

మొదటి దశలో ప్రశ్న అంపైర్ నిష్పాక్షికత గురించి. స్వదేశీ అంపైర్లు పక్షపాతం చూపుతున్నారన్న ఆరోపణలు తరచూ వచ్చేవి. 1986లో లాహోర్‌లో జరిగిన పాకిస్తాన్–వెస్టిండీస్ టెస్టుకు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, పిలూ రిపోర్టర్ తటస్థ అంపైర్లుగా వ్యవహరించారు.

రెండో దశలో ప్రశ్న కంటిచూపు గురించి. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో మూడో అంపైర్ టీవీ దృశ్యాలు చూసి సచిన్ టెండూల్కర్‌ను రనౌట్‌గా ప్రకటించారు. కెమెరా ఇక్కడ జరిగినదానికి సాక్షి మాత్రమే.

మూడో దశ 2008లో శ్రీలంకలో భారత పర్యటనతో మొదలైంది. ఎల్‌బీడబ్ల్యూలో కాలు అడ్డులేకపోతే బంతి వికెట్లను తాకేదా అన్నది తేల్చాలి. అంటే జరగనిదాన్ని లెక్కగట్టాలి. ఆ లెక్కను నమ్మలేమన్నదే భారత బోర్డు ప్రధాన అభ్యంతరం. లెక్కింపు పద్ధతి మెరుగుపడ్డాక, 2016లో ప్రయోగాత్మకంగా అంగీకరించింది. అయినా బంతి వికెట్లను అంచున మాత్రమే తాకేలా ఉంటే అంపైర్ మొదటి తీర్పే నిలుస్తుంది. యంత్రానికీ పొరపాటు ఉండవచ్చన్న ఒప్పుకోలు ఈ నియమంలో ఉంది.

బేస్‌బాల్‌తో పోలిక

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ ఇలాంటి సమీక్షను 2026 సీజన్ నుంచి అనుమతించింది. బ్యాటర్ కొట్టకుండా వదిలిన బంతి నిర్ణీత పరిధిలోంచి వెళితే 'స్ట్రైక్', లేకుంటే 'బాల్'. ఆ పరిధి ఎత్తును నియమావళి మోకాలు, భుజాల ఆధారంగా చెప్పేది. యంత్రానికి అంకెలు కావాలి. అందుకే సమీక్ష కోసం బ్యాటర్ ఎత్తులో 27 శాతం నుంచి 53.5 శాతం వరకు అని నిర్ణయించారు. కొత్త పరికరం వచ్చినప్పుడు నియమం కూడా మారుతుందని గమనించండి.

ముగింపు

యంత్రం అంపైర్‌ను తొలగించలేదు. ఆయన తీర్పుపై అప్పీలుకు అవకాశం కల్పించింది. కానీ ఆ అవకాశం కెమెరాలకు ఖర్చు పెట్టగలిగిన చోటే ఉంది. మన్యంలోని ఊరి మైదానాల్లో నేటికీ అంపైర్ మాటే చివరిది. అక్కడ తీర్పును నిలబెట్టేది ఆయనపై ఇరుజట్ల నమ్మకమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రనౌట్, ఎల్‌బీడబ్ల్యూ తీర్పులలో కెమెరా పాత్ర ఎలా భిన్నమైనది? పది పంక్తులలో రాయండి.