మీరు ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు ఎందుకు తెలియదు?

‘ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు?’ ఆసుపత్రిలో డాక్టర్ అడిగే తొలి ప్రశ్నల్లో ఇదొకటి. ‘బీపీకి తెల్ల మాత్ర, షుగర్‌కు రెండు’ అన్నదే చాలాసార్లు వచ్చే జవాబు. అంతవరకే తెలిస్తే, మిగతా జాబితాను డాక్టర్లు, నర్సులే రాబట్టుకోవాలి. అది ఎందుకంత కష్టం?

సమాచారం ఎక్కడుంటుంది?

ఒకే చోట ఉండదు. గుండె డాక్టర్ చీటీ ఒక ఫైల్లో, షుగర్ డాక్టర్ చీటీ మరో ఫైల్లో ఉంటాయి. మెడికల్ షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రకు చీటీయే ఉండదు. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క షాపులోనే మిగిలిపోవచ్చు. ఆయుర్వేద మందులను చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు.

పేర్లతో చిక్కేంటి?

ఒకే మందు పలు బ్రాండ్లలో దొరుకుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో జనరిక్ పేరుతో ఇచ్చిన గ్లిమెపిరైడ్, ఇంట్లో ఉన్న బ్రాండ్ మాత్ర ఒకటేనని తెలియక రెండూ వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మరోవైపు డోపమిన్, డోబ్యుటమిన్ లాంటివి పేర్లు దగ్గరగా ఉన్నా వేర్వేరు మందులు. జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించింది.

ప్రమాదం ఎప్పుడు ఎక్కువ?

రోగి చేతులు మారేటప్పుడు. అంటే ఆసుపత్రిలో చేరేటప్పుడు, ఐసీయూ నుంచి వార్డుకు మారేటప్పుడు, డిశ్చార్జి అయ్యేటప్పుడు. రక్తం పలుచబడే మందు వాడుతున్న సంగతి తెలియకుండా ఆపరేషన్ చేస్తే రక్తస్రావం ఆగడం కష్టమవుతుంది. ఆపరేషన్ కోసం ఆపిన అదే మందును మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి సమ్మరీలో లేకపోతే రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల భద్రతపై ప్రారంభించిన కార్యక్రమంలో ఈ మార్పు దశలను ప్రధానాంశాల్లో ఒకటిగా చేర్చింది.

నర్సుల ఇబ్బంది ఏంటి?

సరైన రోగి, మందు, మోతాదు, వేళ, ఇచ్చే విధానం. ఈ ఐదూ ప్రతిసారీ సరిచూడాలి. కేస్ షీట్‌లో రాత అర్థం కాకపోయినా, డాక్టర్ ఫోన్‌లో మందు చెప్పినా, షిఫ్టు మారినా పొరపాటుకు ఆస్కారం ఉంటుంది. అందుకే ఫోన్‌లో విన్నదాన్ని రాసుకుని, తిరిగి చదివి వినిపించడం మంచి పద్ధతి.

డిజిటల్ రికార్డుతో సరిపోతుందా?

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా మొదలైంది. 14 అంకెల ‘ఆభా’ నంబరుతో, రోగి అనుమతి మేరకు రికార్డులు చూడొచ్చు. కానీ ఆసుపత్రి వాటిని అనుసంధానిస్తేనే అందులో కనిపిస్తాయి. చీటీ లేకుండా కొన్న మందులు, మధ్యలో మానేసిన మందుల సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది.

మీరేం చేయొచ్చు?

- మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ, అలర్జీలు రాసి ఫోన్‌లో ఉంచుకోండి.
- పేరు కనిపించేలా ప్రతి స్ట్రిప్‌ను ఫొటో తీయండి.
- ఆయుర్వేద, హోమియో మందులు, నొప్పి మాత్రలు కూడా జాబితాలో చేర్చండి.
- డిశ్చార్జి రోజున మూడు ప్రశ్నలు అడగండి: కొత్త మందు ఏది? పాతవాటిలో ఏవి కొనసాగించాలి? ఏవి ఆపాలి?