పేరు లేని ఫోటో, పేరున్న అడవి

బిజినేపల్లి నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా పోతే మన్ననూరు వస్తుంది. అక్కడి నుంచి నల్లమల మొదలు. ఇంకొంచెం పైకి ఫరహాబాద్. నిజాం కాలంలో దొరల వేటకు, విడిదికి పేరుపడ్డ చోటు. ఫరహ్ అంటే ఉర్దూలో సంతోషం. ఇప్పుడు సెలవు రోజు వచ్చిందంటే అక్కడ సెల్‌ఫోన్లు, పెద్ద పెద్ద కెమెరాలు పట్టుకున్న వాళ్లే కనిపిస్తారు.

మేము ఆ అడవి నుంచి కిందికి దిగివచ్చిన చెంచు కుటుంబంలో పుట్టినవాళ్లం. బిజినేపల్లి మండలంలో పిల్లలకు చదువు చెబుతున్నాం. ఫరహాబాద్ ఫోటోలు మా ఫోన్‌కు కూడా వస్తాయి. పొద్దుటి మంచు, లోతైన లోయ, ఎండకు మెరిసే ఆకులు. చూడటానికి బాగానే ఉంటాయి. ఒకసారి ఒక ఫోటో కింద ‘మనిషి అడుగుపెట్టని అడవి’ అని రాసి ఉంది. ఆ లోయలోనే మా మేనత్త గడ్డలు తవ్వింది. మా తాత తేనె తీశాడు. మరి వాళ్లు మనుషులు కారా?

ఫోటో తీసినవారికి చెడు ఉద్దేశం ఉందని మేము అనడం లేదు. అయితే మనుషులు లేని అడవి బొమ్మకు ఒక చరిత్ర ఉంది. అది మన పిల్లలకు తెలియాలి.

ఆ చరిత్ర అమెరికాలో మొదలుపెడితే సులభంగా అర్థమవుతుంది. అక్కడ యోసెమిటీ అనే గొప్ప లోయ ఉంది. 1861లో కార్లటన్ వాట్కిన్స్ అనే ఆయన పెద్ద కెమెరా మోసుకుపోయి ఆ కొండలను, జలపాతాలను ఫోటోలు తీశాడు. దూరపు నగరాల్లో వాటిని చూసిన వాళ్లు ముగ్ధులయ్యారు. 1864లో అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల విహారం కోసం కాపాడే చట్టంపై సంతకం చేశాడు. మంచి పనే. కానీ అది ఎవరూ లేని లోయ కాదు. అవానీచీ అనే ఆదివాసుల ఊళ్లు అక్కడ ఉండేవి. ఫోటోలకు పదేళ్ల ముందు, 1851లో, సాయుధ దళం వచ్చి వాళ్లను తరిమింది. పేరుపొందిన ఆ ఫోటోల్లో కొండ ఉంది, నీళ్లు ఉన్నాయి, చెట్టు ఉంది. తరిమివేతకు గురైన వాళ్ల జాడ లేదు.

ఇక మన వైపు చూద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర రాజా దీన్‌దయాళ్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో వేటాడాడు. చచ్చిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలబడిన ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. పులి జాడ పట్టినవారు, పొదలు కొట్టి పులిని తోలినవారు లేకుండా అలాంటి వేట సాగదు. వాళ్ల పేర్లు మాత్రం మనకు అందలేదు.

1909లో ఎడ్గర్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాసేవాడు. చెంచులకూ ఆ సంపుటాల్లో చోటు దొరికింది. అంటే అడవి ఫోటోలో మనిషి లేడు, మనిషి లెక్కలో అడవి లేదు.

1940లో హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చాడు. ఆదిలాబాద్ గోండులు మార్లవాయిలో ఇప్పటికీ తలచుకునే హైమన్‌డార్ఫ్ ఈయనే. ఆస్ట్రియాలో పుట్టాడు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల రెండో ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి అయ్యాడు. నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు. భార్య బెట్టీతో కలిసి చెంచుల మధ్య తిరిగి పనిచేశాడు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం లండన్‌లో వచ్చింది. అదే ఏడు ఇక్కడ ‘చెంచు లక్ష్మి’ సినిమా వచ్చింది. లోకం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది సినిమా చెంచులనే.

హైమన్‌డార్ఫ్ ఫోటోల్లో మనిషీ ఉన్నాడు, అడవీ ఉంది. గుడిసె ఉంది, గడ్డలు తవ్వే కర్ర ఉంది, విల్లు ఉంది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఏ పెంటవాళ్లు ఏ అడవిలో తిరుగుతారో, ఆ అడవి మీద వాళ్లకు తాతముత్తాతల నుంచి ఎలాంటి హక్కు ఉందో ఆయన రాసిపెట్టాడు. ఆయన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఆ పాత ఫోటోలు కొన్ని మేము ఫోన్‌లో పెట్టుకొని పైన ఒక పెంటలో ఉండే మా పెద్దమ్మకు చూపించాం. ముఖం చూసి మురిసిపోతుందనుకున్నాం. ఆమె ముఖం మీద ఎక్కువసేపు నిలవలేదు. వెనక ఉన్న రాళ్లు, చెట్టు చూసింది. “ఇది ఏ పెంట బిడ్డా? పేరు రాయలేదా?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. పేరు తెలియకపోతే ఆ రాయి ఏ రాయైనా కావచ్చు. మేడిమల్కల, ఈర్లపెంట, సంగిడిగుండాలు, అప్పాపూర్ అంటే మాత్రం దారి, నీరు, చుట్టరికం అన్నీ గుర్తుకొస్తాయి.

ఈ పేర్లతో పనేమిటని యువకులు అడగవచ్చు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి అడవి మీద ఆధారపడి ఉన్నామని చూపాలి. 2008 నాటి నిబంధనల్లో 13వది చదవండి. ఇళ్లు, బావులు, సమాధులు, పూజించే చోట్లు, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. మాలాంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. తేదీ, పేరు ఉన్న పాత ఫోటో పెద్దల మాటకు బలం అవుతుంది. పేరు లేని అందమైన ఫోటో అలా ఉపయోగపడదు.

ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. చెట్లకు కట్టిన కెమెరాలు పులి చారలను రెండు వైపులా ఫోటో తీస్తాయి. ఒక పులి చారలు మరో పులికి ఉండవు కాబట్టి ప్రతి పులికీ గుర్తింపు దొరుకుతుంది. బేస్‌క్యాంపుల్లో పనిచేసే మన చెంచు యువకులకు ఈ పని బాగా తెలుసు. పులికి గుర్తింపు ఉండటం మాకు సంతోషమే. పక్కన ఉన్న పెంటకూ అంతే శ్రద్ధతో గుర్తింపు కావాలని అంటున్నాం.

2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు నల్లమల ఫోటోలు రాష్ట్రమంతా తిరిగాయి. పెంటల వాళ్లు, ఊళ్ల వాళ్లు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ ఫోటోలు మేలు చేశాయి, కాదనం. కానీ మాకు చేరినవాటిలో ఎక్కువ జలపాతాలు, పులులే. పెంటలో పొయ్యి ముందు కూర్చున్న అవ్వ తక్కువ.

నల్లమల సంగతి అలా ఉంచి మా మండలానికే వద్దాం. వట్టెం జలాశయం కోసం కొన్ని తండాలు ఖాళీ అయ్యాయి. అలాంటి తండా పిల్లవాడిని ‘మీ ఊరి ఫోటో తీసుకురా’ అన్నాం. అక్క పెళ్లి ఫోటో తెచ్చాడు. పెళ్లికూతురు వెనక పందిరి సందులో సగం వేపచెట్టు, గుట్ట కొస కనిపిస్తున్నాయి. “సార్, మా ఊరు ఇంతే ఉంది” అన్నాడు. ఆ రోజు పాఠం అక్కడే ఆగిపోయింది. ఊరు ఉన్నన్నాళ్లూ దాన్ని ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. రోజూ చూసేదాన్ని ఎవరు తీస్తారు?

అందుకే తోటి ఉపాధ్యాయులకు, యువతకు మా విన్నపం. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. మీ పెంటలో, గూడెంలో, తండాలో చెలిమను, బావిని, పెద్దల సమాధులను, దేవర రాయిని, గుట్ట దారిని ఫోటో తీయండి. మనుషులను తీసేముందు అడగండి. వద్దంటే ఊరుకోండి. తేనెపట్టు ఉన్న బండ, పులి తిరిగే దారి అందరికీ చూపకండి. ప్రతి ఫోటోకు ఒక నోటు పుస్తకంలో ఐదు సంగతులు రాయండి: చోటు పేరు, ఆ పేరు ఎందుకు వచ్చింది, చెప్పిన పెద్ద ఎవరు, అక్కడ ఎవరు ఏం చేసేవారు, ఫోటో తీసిన తేదీ. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గ్రామసభ దగ్గర ఉంచండి.

మా బడిలో ఆ పుస్తకం మొదలుపెట్టాం. మొదటి పేజీలో ఆ పెళ్లి ఫోటో అతికించాం. దాని కింద తండా పేరు, గుట్ట పేరు, వేపచెట్టు ఎవరి ఇంటి ముందు ఉండేదో ఆ పిల్లవాడే తన చేత్తో రాశాడు. రెండో పేజీ పెద్దమ్మ కోసం ఖాళీగా ఉంచాం. ఈ వేసవి సెలవుల్లో పాత ఫోటోలతో మళ్లీ పెంటలకు పోతాం. ఆ రాళ్లు ఏ పెంటవో గుర్తుపట్టే పెద్దలు ఇంకా ఉన్నారు.