కత్తి వెనుకనున్న చేయి

మన విజయనగర మండలమున బొబ్బిలి యుద్ధకథను విననివారరుదు. 1757లో నేలకొరగిన వీరులను, తాండ్ర పాపారాయని జనులు నేఁటికిని తలఁచుచున్నారు. కాని యా కత్తులను కొలిమిలోఁ గాల్చి, దాగలిపై సమ్మెటతో సాగఁగొట్టిన కమ్మరి నెవరు తలఁచుచున్నారు?

ఆ విద్య యల్పమైనది కాదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రమున కమ్మరులు రెండు విధముల యినుమును మూసలలోఁ గరఁగించి యుక్కు చేసెడివారు. దానికై పారసీక వర్తకులు ఇస్ఫహాను నుండి వచ్చెడివారు. డమాస్కసు కత్తులని ప్రసిద్ధి కెక్కినవానిలోఁ బెక్కింటికి దక్షిణదేశపు మూసయుక్కే మూలము. ఐరోపావారు దీనిని ఊట్జు అనిరి. ఆ మాట ఉక్కు శబ్దమునకు వికారమని పెక్కురు పండితుల యభిప్రాయము. 1819లో ఫారడే దీనిని పరీక్షించెను.

పాశ్చాత్యదేశములలో నేఁడు కొందఱు కమ్మరులు, మెత్తని యినుమునకు ఉక్కువాదర నతికిన వైకింగుల కత్తులను త్రవ్వకములలో దొరకినవానిఁ జూచి మరలఁ జేయుచున్నారు. మన కోనసముద్రపు పనిని కన్నులారఁ జూచి వ్రాసినవాఁడు వాయిసీ యను నాంగ్లేయ వైద్యుఁడు. అది యతని మరణానంతరము 1832లో అచ్చుపడెను.

చేయఁగలవానికి మన మక్షరము నేర్పలేదు. అక్షరము నేర్చిన మనము కొలిమి గడప త్రొక్కలేదు. చౌకయైన సీమయుక్కు కొలిమి నార్పినది. మన యుపేక్ష విద్యనే యార్పినది. మీ యూరి కమ్మరి యింకను సమ్మెట పట్టుచున్నచో, మీ పిల్లల నతనికడకుఁ బంపుఁడు. అతఁడు చెప్పునది వ్రాసికొని రమ్మనుఁడు.