లదేణి నుంచి నాగలికి: తండా వేసిన మన దాదా

మన తండాల పేర్లు ఒకసారి గమనించండి. చాలా తండాలకు ఒక నాయక్ పేరే ఉంటుంది. ఆ నాయక్ ఎవరు, ఎటు నుంచి వచ్చాడు, ఆయనకు ఎంతమంది పిల్లలు, మొదటి పోడు ఎక్కడ కొట్టాడు అని అడిగితే మనలో చాలామందిమి చెప్పలేం. బోర్డు మీద పేరు మిగిలింది, మనిషి మరుగున పడ్డాడు. వలస వచ్చి, అడవి అంచున గుడిసె వేసి, పెద్ద సంసారాన్ని నేల మీద నిలబెట్టిన ఆ దాదాను ఈ సంచికలో గుర్తు చేసుకుందాం. ఇక్కడ ఏ ఒక్క కుటుంబం పేరూ రాయడం లేదు. ఈ కథ కొద్ది తేడాలతో ప్రతి తండాలోనూ ఉంది.

ఎద్దుల బాట

మన పూర్వీకుల మొదటి వృత్తి సేద్యం కాదు, లదేణి. అంటే ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగే వ్యాపారం. 1632లో ఉత్తరాదిన ప్రయాణించిన పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఒకే తండాలో 14,000 ఎద్దులను చూశానని రాసుకున్నాడు. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే కూడా పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. దక్కన్ మీదికి వచ్చిన మొగల్ సైన్యాలకు తిండిగింజలు మోస్తూ మనవాళ్లు చాలామంది దక్షిణానికి దిగారు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికీ మన ఎద్దులే ధాన్యం చేర్చాయి. రాజులు మారినా, సైన్యాలు మారినా మన గోనెసంచుల అవసరం మాత్రం తీరలేదు.

ఆ అవసరాన్ని రైలు తీర్చేసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ దారి బెజవాడ దాకా సాగింది. ఎద్దుల బిడారు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో చేరవేసింది. అంతకుముందే, 1871లో, ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఊరూరా తిరిగే జాతులను పుట్టుకతోనే దొంగలుగా చూసిన చట్టం అది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. తిరిగితే అనుమానం, తిరగకపోతే ఆకలి. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు.

అలా దారి మూసుకుపోయిన మనిషి మన దాదా. తాతలనాటి వృత్తి పోయింది. కొత్త వృత్తి చేయాలంటే భూమి లేదు. ఊళ్లో మంచి నేలంతా అప్పటికే ఎవరిదో ఒకరిది అయిపోయింది. మిగిలింది ఊరికి దూరంగా రాళ్లు, తుప్పలు, గుట్టల వాలు. తండాలు ఊళ్లకు దూరంగా ఎందుకున్నాయని అడిగే యువతకు జవాబులో ఒక భాగం ఇదే.

పిల్లలే పెట్టుబడి

బరువులు మోసిన ఎద్దులే నాగలికి వచ్చాయి. దాదా గొడ్డలితో తుప్ప కొట్టాడు, గడ్డపారతో రాళ్లు పెకిలించాడు. ఆ రాళ్లనే వాలుకు అడ్డంగా పేర్చి కట్టలు వేశాడు. వాన నీరు ఆగింది, మట్టి నిలిచింది. తర్వాతే అది చేను అయింది. మొదట జొన్న, సజ్జ, కంది, ఆముదం వేశారు. పత్తి, మిరప తర్వాతి తరాల పంటలు. ఇవాళ మనం గట్టు మీద నడుస్తూ పట్టించుకోని ఆ రాతివరస వెనుక ఎన్నో ఎండాకాలాల కష్టం ఉంది.

ఏడుగురు, ఎనిమిదిమంది పిల్లలున్న ఇళ్లు ఆనాడు మామూలే. ఇవాళ ఆ మాట వింటే నవ్వుకుంటాం. కూలికి మనుషులను పెట్టుకునే డబ్బు లేని ఇంట్లో పిల్లల చేతులే పెట్టుబడి అని మరిచిపోతాం. ఒకడు పశువులు కాసేవాడు, ఒకడు దుక్కి పట్టేవాడు, చిన్నవాళ్లు మంచె ఎక్కి పిట్టలను తోలేవారు. పుట్టినవాళ్లంతా బతికిన కాలమూ కాదది. మశూచి వచ్చిందంటే తండా అంతా వణికేది. పిల్లలు, పశువులు చల్లగా ఉండాలని శీత్లా భవానికి మొక్కే ఆచారంలో ఆ భయం ఇప్పటికీ వినిపిస్తుంది.

దాదా గురించి చెప్పి దాది గురించి చెప్పకపోతే కథ సగమే. నీళ్లు మోసింది, కట్టెలు తెచ్చింది, కలుపు తీసింది ఆమె. చంటిబిడ్డను చెట్టుకు జోలె కట్టి పడుకోబెట్టి నాట్లకు, కోతలకు దిగింది. తండా పేరులో ఆమె పేరు లేదు. మన జ్ఞాపకంలోనైనా ఉండాలి.

దున్నింది ఒకరు, పేరు మరొకరిది

నేల సాగులోకి రాగానే దాని మీద పెద్దల కళ్లు పడ్డాయి. నిజాం కాలంలో దేశ్‌ముఖులకు వెట్టి చేయాలి, షావుకారు దగ్గర గింజలు తెస్తే నాగుతో కలిపి కొలవాలి. చదువు రాని దాదాకు కాగితం మీద ఏముందో తెలియదు. దున్నేది ఆయన, రికార్డులో పేరు ఇంకొకరిది. ఎదిరించినవాళ్లూ ఉన్నారు. జనగామ ప్రాంతంలోని ధర్మాపురం తండాలో విసునూరు దేశ్‌ముఖ్ భూములు లాక్కోబోతే లంబాడీ రైతులు తిరగబడ్డారు. ఆ తండాకు చెందిన జాటోతు థానూ నాయక్ తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో ప్రాణాలిచ్చాడు. ఆయన కోరింది కొత్త భూమిని కాదు, తన వాళ్లు చెమటోడ్చి సాగు చేసిన నేలనే.

తెలంగాణలోని లంబాడీలను 1976 నాటి చట్ట సవరణతో షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. దాదా పేరు ప్రభుత్వ ముద్ర మీదికి ఎక్కింది. ఇంతలో చేను మాత్రం చిన్నదవుతూ వచ్చింది. దాదా 12 ఎకరాలు చేశాడనుకుందాం. నలుగురు కొడుకులకు మూడేసి ఎకరాలు, ఆ కొడుకులకు ముగ్గురేసి కొడుకులుంటే ఒక్కో ఎకరం. కాబట్టే మనలో చాలామంది మళ్లీ మూటాముల్లె కట్టుకుని హైదరాబాద్‌కు, పుణేకు, ముంబైకి పోతున్నారు. వలస ఆపిన దాదాకు మనుమలమై మళ్లీ వలస దారి పట్టాం.

ఇప్పుడు మన వంతు

మిగిలిన నేలనైనా కాపాడుకోవాలంటే దాదా కథ కాగితం మీదికి రావాలి. గోర్ బోలికి సొంత లిపి లేదు. భాట్లు మన వంశాల పేర్లు నోటితోనే చెప్పుకుంటూ వచ్చారు. నోటి మాటకు విలువ లేదని అనుకోకండి. అటవీ భూమి సాగు చేసుకుంటున్న కుటుంబాలకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబం హక్కు కోరవచ్చు. దాని నిబంధనల్లో సాక్ష్యాలుగా చెప్పినవి చూడండి: నేల చదును చేయడం, గట్లు, చెక్‌డ్యాములు, బావులు, శ్మశానాలు, రాతపూర్వకంగా తీసుకున్న పెద్దల వాంగ్మూలం. దాదా పేర్చిన రాతికట్ట సాక్ష్యం. దాన్ని ఎవరు, ఎప్పుడు కట్టారో చెప్పే ముసలాయన మాట కూడా, రాసి పెడితే, సాక్ష్యం. అయితే ఆ పెద్దమనిషి హక్కు కోరే వ్యక్తి కాకుండా వేరొకరై ఉండాలి. ఒక్క సాక్ష్యంతో సరిపెట్టుకోకుండా ఒకటికి మించి చూపాలి. ఇంకో మంచి మాట కూడా ఆ చట్టంలో ఉంది. పెళ్లయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరుమీదా ఇవ్వాలి. దాది పేరు రాయని చరిత్రను అక్కడ కొంతైనా దిద్దుకోవచ్చు.

అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మా మనవి ఇది. ఈసారి తీజ్‌కు తండాకు పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. తండాలో వయసు మళ్లినవాళ్ల దగ్గర కూర్చుని గోర్ బోలిలోనే అడగండి, తెలుగు లిపిలో రాయండి. దాదా ఏ ఊరి నుంచి వచ్చాడు, గోత్రం ఏది, పిల్లలెవరు, ఆడపిల్లలను ఏ తండాలకు ఇచ్చారు, మొదటి బావి ఎవరు తవ్వారు అన్నవి తెలుసుకోండి. దాది పేరు మొదటి పేజీలోనే రాయండి. తెలంగాణలో ఉన్నవాళ్లు 1954-55 ఖాస్రా పహాణీలో తమ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో వెతికించండి. గట్లు, బావులు, సమాధుల ఫొటోలు తీసి, తీసిన తేదీ రాసిపెట్టండి.

చదువు లేక దాదా తన పేరు తాను రాసుకోలేకపోయాడు. మనకు చదువు వచ్చింది. ఆయన పేరు, దాది పేరు, వాళ్ల చేను హద్దులు మనం రాయాలి. చెప్పగలిగిన పెద్దలు తండాలో ఉండగానే రాయాలి.