బీమా అంటే భయమే: ముట్లుడిగిన వయసు, జీవిత బీమా, కొంత చరిత్ర

2008వ సంవత్సరం. పదవ తరగతి జవాబు పత్రాలు దిద్ది ఇంటికి వచ్చిన ఒక సాయంత్రం నా పూర్వవిద్యార్థి ఒకడు బీమా కాగితాలు చేతబట్టుకొని వచ్చాడు. చందస్సులో గణాలు ఎంత చెప్పినా తలకెక్కని పిల్లవాడు, లెక్కలలో మాత్రం దిట్ట. ఏజెంటుగా చేరి ఏడాది అయిందట. నాకు అప్పటికి నలభై ఎనిమిదేండ్లు. పాలసీ ఒకటి తీసికొనవలెనని నాకూ ఉన్నది గనుక కూర్చొని పత్రం నింపడం మొదలుపెట్టాము. తండ్రి వయసు, తల్లి వయసు, అన్నదమ్ముల ఆరోగ్యం అన్నీ అయినవి. అప్పుడు పిల్లవాడు తల దించుకొని, పత్రం నా వైపు తిప్పి, ఒక గడి మీద వ్రేలు పెట్టాడు. చివరిసారి బహిష్టు అయిన తేదీ ఏది అని అక్కడ అడుగుతున్నారు.

"ఒరే, ఆగిపోయి పధ్నాలుగు నెలలైందిరా" అన్నాను.

"ఏదో ఒక తేదీ వేసేద్దామండీ టీచర్ గారూ. పోయిన నెలది. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు, ఇంకా తల ఎత్తకుండానే.

వద్దన్నాను. ఉన్నది ఉన్నట్లే వ్రాయించాను. కంపెనీవారు రక్తపోటు, చక్కెర, గుండె పరీక్షలు చేయించారు. రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉన్నదని ప్రీమియం కాస్త పెంచి, మూడు వారాలకు పాలసీ పంపారు. ముట్లుడగడం గురించి ఒక్క ముక్క కూడా అడుగలేదు. మరి ఆ గడి ఎందుకు? ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది? పదవీ విరమణ తర్వాత తీరిక దొరికినప్పుడు చదివి తెలుసుకొన్న సంగతులే ఈ టపా.

తెలుగు పండితురాలిని గనుక మాటతోనే మొదలుపెడతాను. బీమా అనేది పారసీకం నుండి హిందూస్తానీ మీదుగా మనకు వచ్చిన మాట. పారసీకంలో బీమ్ అంటే భయం. మన భీతి, భీరువు, భీముడు పుట్టిన 'భీ' ధాతువుకు అది జ్ఞాతియే. భయం పోగొట్టేదానికి భయమనే పేరు నిలిచింది. అయితే స్త్రీల విషయంలో ఈ వ్యాపార చరిత్ర చదివితే, చాలాకాలం భయపడినది పాలసీ తీసికొన్నవారు కాదు, ఇచ్చినవారని తెలుస్తుంది.

ముట్లుడగడానికి మనవారు రజోనివృత్తి అనే పేరు కూడ వాడుతున్నారు. సుశ్రుతుడు శారీరస్థానంలో రజస్సు పన్నెండేండ్లకు మొదలై, శరీరం జరాపక్వమైన తర్వాత ఏబదియవ ఏట క్షయిస్తుందని చెప్పాడు. ఆ మాటలో భయమేమీ లేదు. ఆకు పండినట్లు, వయసుతో వచ్చే మార్పు.

ఐరోపాలో తీరు వేరు. జీవితానికి ఏడేసి ఏండ్లకొక మెట్టు ఉంటుందని, మెట్టు దాటేటప్పుడు గండం ఉంటుందని అక్కడ ప్రాచీనకాలం నుండి ఒక నమ్మకం. ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఏడు తొమ్ముదులు అరవై మూడు వారికి పెద్ద గండాలు. స్త్రీలకు ఆ నలభై తొమ్మిది, ముట్లుడిగే వయసు రెండూ కలిసివచ్చేసరికి, ఆ దశకు 'గండపు వయసు' అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. గార్దాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1816లో ఈ దశకు ఒక కొత్త పేరు కట్టి, 1821లో దానినే మెనోపాజ్ అని సవరించాడు. ఈనాడు ప్రపంచమంతా వాడే మాట అదే.

ఆ మాట పుట్టిన కొద్ది ఏండ్లలోనే ఆ భయానికి లెక్కతో సమాధానం కూడా వచ్చిందని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. బెన్వాస్తోన్ ద షాతోనఫ్ అనే గణాంక పండితుడు నలభై నుండి ఏబది ఏండ్ల మధ్య స్త్రీల మరణాలను లెక్కగట్టాడు. దక్షిణాన మార్సేయ్ మొదలుకొని ఉత్తరాన సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా జనన మరణాల పుస్తకాలు తిరగవేశాడు. ఆ వయసులో స్త్రీల చావులు ఒక్కసారిగా పెరిగిన జాడ ఎక్కడా కనబడలేదు. వయసుతో వచ్చే సహజమైన పెరుగుదల తప్ప వేరే గండం లేదు. పైపెచ్చు ఆ పదేండ్లలో మగవారి చావులే ఎక్కువ తేలినవి. అంటే ముట్లుడిగిన స్త్రీ ప్రమాదకరం కాదని రెండు వందల ఏండ్ల క్రితమే తేలిపోయింది.

బీమా సంస్థలకు అసలు భయం ప్రసవమంటే. పురుటిలో తల్లులు చనిపోయే కాలంలో, పిల్లలను కనే వయసులో ఉన్న స్త్రీకి పాలసీ ఇవ్వడానికి వెనుకాడేవారు. ఆ లెక్కన చూస్తే ముట్లుడిగిన స్త్రీ వారికి మరింత నమ్మకమైన మనిషి కావలె. కాని ఆమెకూ తలుపు తెరుచుకోలేదు. ఎందుకో మన దేశపు కథలోకి వస్తే తెలుస్తుంది.

మన దేశంలో జీవిత బీమా 1818లో కలకత్తాలో ఓరియంటల్ కంపెనీతో మొదలైంది. అది ప్రధానంగా తెల్లవారి కోసం. భారతీయుల ప్రాణానికి బీమా ఇచ్చినా అదనపు ప్రీమియం పుచ్చుకొనేవారు. 1870లో బొంబాయి మ్యూచువల్ సంస్థ వచ్చి, భారతీయులకు మామూలు రేట్లకే ఇవ్వడం మొదలుపెట్టింది. 1884లో తపాలా శాఖ తన ఉద్యోగుల కోసం తపాలా జీవిత బీమా పెట్టింది. 1894లో తపాలా తంతి శాఖలోని స్త్రీ ఉద్యోగులకూ దానిని వర్తింపజేసింది. అప్పటికి ఇక్కడ మరే కంపెనీ స్త్రీలకు బీమా ఇవ్వడం లేదని తపాలా శాఖవారు ఈనాటికీ గర్వంగా చెప్పుకొంటారు. ఒక్కటి గమనించండి. ఆ తలుపు తెరుచుకొన్నది జీతం తెచ్చుకొనే స్త్రీకి.

చట్టం వైపు చూస్తే 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. భర్త తన ప్రాణం మీద భార్యాబిడ్డల పేర పాలసీ తీసికొంటే ఆ సొమ్ము వారిదే, అప్పులవారు ముట్టుకొనరాదు అన్నది అందులోని ఆరవ సెక్షను. హిందువులకు, మహమ్మదీయులకు ఇది వర్తిస్తుందా అన్నది చాలాకాలం తగవుగానే ఉన్నది. 1923 సవరణతో తగవు తీరింది. ఆ సవరణలో మద్రాసుకు ఒక తేదీ, తక్కిన దేశానికి మరొక తేదీ ఉన్నవి. మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత తీసికొన్న పాలసీలకు, ఇతరచోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాతివాటికి వర్తిస్తుంది. అంటే మన కోస్తా, రాయలసీమ ఇల్లాండ్రకు ఈ రక్షణ తక్కిన దేశం కంటె తొమ్మిదేండ్ల ముందే దక్కిందన్నమాట. అయినా ఆ చట్టం కాపాడినది భర్త ప్రాణం మీది సొమ్మును. భార్య ప్రాణానికి వెల కట్టవలెనన్న ఆలోచన ఇంకా దూరంగానే ఉండింది.

1956లో 245 సంస్థలను జాతీయం చేసి, ఆ సెప్టెంబరు ఒకటిన జీవిత బీమా సంస్థను స్థాపించారు. బీమా పల్లెలకు వచ్చింది. కాని స్త్రీలను మూడు తరగతులుగా విభజించారు. సంపాదించే స్త్రీ మొదటి తరగతి. ఆస్తిపాస్తుల మీద ఆదాయం ఉన్న స్త్రీ రెండవది. ఇల్లు నడిపే స్త్రీ మూడవది. ఈ మూడవ తరగతి స్త్రీకి బీమా కావలెనంటే ముందుగా భర్తకు ఎంత బీమా ఉన్నదో చూసేవారు. ఇంకొక నిబంధన కూడా ఉండేది. పాలసీ తీసికొన్న మూడేండ్లలోపల బహిరంగ స్థలంలో కాక మరెక్కడైనా ప్రమాదంలో ఆమె చనిపోతే, కట్టిన ప్రీమియం మాత్రమే తిరిగి ఇస్తారు. బహిరంగ స్థలం కానిది ఏది? ఇల్లే గదా. వంటింట్లో కిరోసిన్ పొయ్యి అంటుకొని కోడళ్ళు చనిపోయిన వార్తలు రోజూ చదివిన తరం మాది. అత్తింటివారు బీమా సొమ్ము ఆశించకుండా పెట్టిన కట్టడి అని సరిపెట్టుకోవచ్చును. కాని ఆ కట్టడి భారం మోసినది ఆ స్త్రీయే.

బహిష్టు ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళినది పాలసీదారు వల్ల కాదు, ఉద్యోగిని వల్ల. నీరా మాథుర్ అనే ఆమె 1989లో జీవిత బీమా సంస్థలో ఉద్యోగంలో చేరింది. చేరేటప్పుడు నింపించిన పత్రంలో బహిష్టులు సక్రమంగా వస్తున్నవా, నొప్పి ఉంటుందా, చివరి తేదీ ఏది, ఎన్నిసార్లు గర్భం నిలిచింది అని అడిగారు. తర్వాత ఆమె ప్రసూతి సెలవు పెట్టింది. పత్రంలో తప్పు వ్రాసిందని ఉద్యోగం తీసివేశారు. 1991 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెను మరల ఉద్యోగంలోకి తీసికొమ్మని ఆదేశించి, అటువంటి ప్రశ్నలు స్త్రీకి సిగ్గు కలిగించేవి, కించపరిచేవి అని, వాటిని పత్రం నుండి తొలగించడం మంచిదని చెప్పింది. అది ఉద్యోగ పత్రం. పాలసీ పత్రంలో మాత్రం, ప్రాణాపాయాన్ని అంచనా కట్టే నెపాన, ఆ గడి నా చేతికి వచ్చేదాకా బ్రతికి ఉన్నది.

ఇక్కడిదాకా వ్రాసి ఊరుకొంటే ఇది నా కాలక్షేపమే అయ్యేది. వ్రాయించిన సంగతి వేరొకటి ఉన్నది.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండిన ఒక ఆమె ఉండేది. పేరు చెప్పను. ముప్పై రెండవ ఏట కడుపునొప్పి అని పోతే గర్భసంచి తీసివేశారట. అండాశయాలు కూడా తీశారా, ఉంచారా అన్నది ఆమెకు తెలియదు. "సంచి తీసేశారమ్మా" అనేది, అంతే. కాగితాలు ఏవీ లేవు. 2015లో ఒక చిన్న పాలసీ తీసికొన్నది. ఏజెంటు గడులన్నింటిలో 'లేదు' అని వ్రాసి వేలిముద్ర వేయించుకొన్నాడు. మరుసటి ఏడు గుండెపోటుతో ఆమె పోయింది. శస్త్రచికిత్స దాచిపెట్టారని కంపెనీవారు సొమ్ము ఇవ్వలేదు. కట్టిన ప్రీమియం వెనక్కి వచ్చింది. అప్పటికి ఆమె కూతురు తొమ్మిదవ తరగతి, నా క్లాసులోనే.

ఆ ఉత్తరం చదివి పెట్టినది నేనే. చదివి, "ఇక చేసేదేమీ లేదమ్మా" అన్నాను. అది తప్పు. చేయవలసినది ఉన్నది. బీమా చట్టంలోని 45వ సెక్షను ప్రకారం, దాచిన విషయానికి ఆ ప్రాణాపాయంతో నేరుగా సంబంధం ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది. ఆ సంబంధం ఉన్నదని చూపవలసిన భారం కంపెనీ మీదనే ఉంటుంది. ఆమె గుండెకు, పదేండ్ల కిందటి ఆ ఆపరేషనుకు సంబంధం ఏమిటని అడగవలసింది. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉన్నది. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు పోవలె. ఇవన్నీ నాకు తెలిసేనాటికి ఆ ఏడాది దాటిపోయింది. గెలిచేవారమో లేదో చెప్పలేను. అడగనైనా అడగలేదన్నదే నా బాధ.

ఆమె ఒక్కతే అయితే విధి అనుకొందును. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తాన నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మనమే ముందు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయవలసిందని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అండాశయాలు కూడా పోతే ముప్పై ఏండ్లకే దేహం ఏబది ఏండ్ల దశకు చేరుతుంది. ఎముకలకు, గుండెకు ముప్పు ముందే వస్తుంది. మన పల్లెలలో ఎందరో స్త్రీలు ఈ స్థితిలో ఉండి, చేతిలో కాగితం ముక్క లేక, బీమా పత్రంలో 'లేదు' అని వేలిముద్ర వేస్తున్నారు.

కనుక నేను నేర్చుకొన్నది చెప్పి ముగిస్తాను. ముట్లుడగడం రోగం కాదు. అంతమాత్రాన బీమా నిరాకరించరు, ప్రీమియం పెంచరు. పెంచేది వయసు, రక్తపోటు, చక్కెర. ముట్లు ఆగిన తర్వాత మరల రక్తస్రావం కనబడితే మాత్రం కారణం తేలేదాకా వాయిదా వేస్తారు. అది బీమా కోసం కాదు, ప్రాణం కోసమే వెంటనే చూపించుకోవలె. ఆపరేషను అయి ఉంటే ఏ ఏట, ఎక్కడ, ఏమి తీశారు అన్నది ఆసుపత్రి నుండి వ్రాయించుకొని దాచండి. పత్రం ఎవరు నింపినా సంతకానికి ముందు చదివించుకొనండి. పాలసీకి మూడేండ్లు నిండితే, 2015 సవరణ తర్వాత, ఏ కారణం చేతనూ దానిని ప్రశ్నించే వీలు లేదు.

ఇంకొకటి. 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు వైద్య పరీక్ష లేదు. ఏడాదికి 436 రూపాయలు, రెండు లక్షల బీమా. కాని ఏబదేండ్లు నిండేలోపలే చేరవలె. చేరినవారికి ఏబది అయిదు దాకా సాగుతుంది. సుశ్రుతుడు గీచిన గీత దగ్గరే ఈ తలుపు కూడా మూసుకొంటుంది. గ్రామీణ తపాలా బీమాలో ఏబది అయిదు దాకా చేరవచ్చు. మీ ఇంట పని చేసే ఆమె వయసు ఎంతో ఒకసారి అడగండి.

ఆనాటి కూతురు ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్నది. మొన్న సంక్రాంతికి వచ్చి, తానూ పాలసీ తీసికొంటున్నానని పత్రం తెచ్చి చూపింది. ఇద్దరం కూర్చొని ప్రతి గడీ చదివాము. అమ్మ ఏ వయసులో పోయింది, ఎందుకు పోయింది అన్న గడి దగ్గర కాసేపు ఆగి, ఉన్నది ఉన్నట్లు వ్రాసింది.